గోడబీరువా తలుపు మీద ఏడు గీతలు

జనవరి 12

పెద్దమ్మా,

బాగున్నావా, బాగున్నాను అనేవి చివర రాస్తాను. ముందు నా బల్ల గురించి చెప్పనివ్వు. బల్ల ఎత్తుగా ఉంది, కుర్చీ పొట్టిగా ఉంది. అందుకని కుర్చీలో రెండు పాత నివేదికలు వేసుకుని వాటి మీద కూర్చుంటున్నాను. ఇంత చదువూ చదివింది పుస్తకాల మీద కూర్చోవడానికా అని నువ్వు నవ్వడం ఇక్కడికే వినిపిస్తోంది.

నేను శిక్షణలో ఉన్నది పార్లమెంటులోని పద్దుల కమిటీ గదిలో. ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టేశాక, దేనికి పెట్టారు, అంత ఎందుకయింది అని అన్ని పార్టీల సభ్యులూ ఒకే బల్ల చుట్టూ చేరి అధికారులను అడుగుతారు. వాళ్ళ ప్రతి మాటా పొల్లుపోకుండా రాయడం మా పని. దగ్గు రాయనక్కర్లేదు. నవ్వితే "(నవ్వులు)" అని రాయాలి. ఎవరైనా నోరు మెదపకుండా ఉంటే "(జవాబు లేదు)" అని రాయాలి. మౌనానికి కూడా కాగితం మీద చోటుంటుందని నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా తెలియదు. మా సూపరింటెండెంటు గారు మాత్రం, "అమ్మాయ్, మాటల మీద మోజు మంచిదే, కానీ వాళ్ళు అనని అందమైన మాట ఒక్కటి చేర్చినా నిన్ను ఇంటికి పంపిస్తాను" అన్నారు.

ఇల్లంటే గుర్తొచ్చింది. ఇక్కడ అద్దెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఒక గదిలో ముగ్గురం ఉంటున్నాం. కిటికీ పక్క మంచానికి అద్దె ఎక్కువట. నేను తలుపు పక్క మంచం తీసుకున్నాను. ఇవాళ పొద్దున లేవగానే మన పధ్నాలుగో నంబరు ఇల్లు కళ్ళ ముందు మెదిలింది. రెండే గదులు. అమ్మ కుట్టుమిషను కిటికీ కింద ఉండేది. దాని పక్కన నేల మీద నలుచదరంగా ఎండ పడితే, అందులో బోర్లా పడుకుని నేను అక్షరాలు దిద్దేదాన్ని. ఎండ జరిగితే నేనూ జరిగేదాన్ని. ఆ ఎండకి మనం ఎన్నడూ విడిగా అద్దె కట్టలేదు కదా!

బాగున్నాను. నువ్వు మోకాళ్ళకి మందు రాసుకుంటున్నావా?

నీ వడ్రంగిపిట్ట


జనవరి 21

పిట్టా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అయిదోసారి పక్కింటి కాంపౌండరు లాక్కుని పైకి చదివాడు. "(నవ్వులు)" దగ్గర అందరం నవ్వాం.

నవ్వు అక్కడితో సరి. మొన్న కాలనీ గేటుకి నోటీసు అంటించారు. గృహశాఖ వాళ్ళు మన తొంభై ఆరు ఇళ్ళూ కలిపి ఎవరో బిల్డరుకి అమ్మేస్తారట. మరమ్మతులకి అయ్యే ఖర్చు చూస్తే వీటిని ఉంచుకోవడం దండగట. కొత్తగా కట్టే వాటిలో మనకీ ఇస్తారట, బజారు ధరకి. ఆ ధర విని బేకరీలో పనిచేసే ఆవిడ, "అంత డబ్బుంటే నేను బేకరీ కొనుక్కుంటాను, ఈ ఇల్లెందుకు?" అంది. బస్సు డ్రైవరు ఇప్పుడు మీ పధ్నాలుగులో ఉంటున్నాడు, తెలుసుగా. అతని భార్య గేటు ముందు అలాగే నిలబడిపోయింది. ముగ్గురు పిల్లలు, అతని ఒక్క జీతం. ఇక్కడి అద్దె కాబట్టి సరిపోతోంది.

ఇరవై ఎనిమిదేళ్ళు ఈ కాలనీ ఆఫీసులో తాళాల బోర్డు కింద కూర్చున్నాను. ఏ మేకుకి ఏ ఇంటి తాళంచెవి ఉండాలో కళ్ళు మూసుకుని చెబుతాను. రిటైరయ్యాక కూడా అద్దె కట్టి ఇక్కడే మూడో నంబరులో ఉన్నాను. ఇప్పుడు నన్ను ఎక్కడికి పొమ్మంటారు?

అందుకే అందరికీ చెప్పేశాను, మా పిట్ట పార్లమెంటులోనే ఉంది, అక్కడో మాట వేస్తుంది అని. కాంపౌండరు అర్జీ రాశాడు, డెబ్భై సంతకాలున్నాయి. ఇందులో పెట్టాను. నీ పక్కన కూర్చునే పెద్దవాళ్ళకి ఇవ్వు.

మందు రాసుకుంటున్నాను. అబద్ధం. రేపటినుంచి రాసుకుంటాను.

పెద్దమ్మ


ఫిబ్రవరి 10

పెద్దమ్మా,

అర్జీ తిప్పి పంపుతున్నాను. కోపం తెచ్చుకోకు. దాన్ని కమిటీ చిరునామాకి నేరుగా పోస్టు చెయ్యండి, వాళ్ళు తప్పకుండా చదువుతారు. నా చేతుల మీదుగా వెళ్ళకూడదు.

కాలనీ గురించి నన్నేమీ అడగొద్దు. మొదటి విడత విచారణ తలుపులు వేసుకుని జరుగుతుంది. కాగితాలు జనం ముందు పెట్టేదాకా అక్కడ విన్నది బయట చెప్పకూడదు. చెప్పనని సంతకం పెట్టాను.

పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

మర్చిపోయాను. మన గోడబీరువా తలుపు లోపలివైపు అమ్మ నా పొడుగు గీస్తూ ఉండేది కదా, ఆ పెన్సిలు గీతలు ఇంకా ఉన్నాయా? ఆ ఇల్లు ఎప్పుడైనా కురిసేదా?

నీ పిట్ట


ఫిబ్రవరి 17

పిట్టకి,

పెద్దదానివయ్యావు. సంతోషం. "నా చేతుల మీదుగా వెళ్ళకూడదు" అన్న మాట కాంపౌండరుకి చదివి వినిపించలేదు. స్టాంపులు అయిపోయాయని చెప్పాను.

కురిసేదా అని అడుగుతావా? పదహారేళ్ళలో ఆ ఇంట్లో చుక్క నీరు కారలేదు. గొప్పవాళ్ళ మధ్య తిరుగుతుంటే పుట్టి పెరిగిన చోటు చిన్నగా కనిపిస్తుంది కాబోలు. కానీ ఆ కప్పు గట్టిది, ఆ గోడలు గట్టివి. వానాకాలంలో మీ అమ్మ కుట్టిన బట్టలన్నీ నేల మీదే పరిచేది, ఒక్క మరక పడలేదు. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పు, సిగ్గుపడకు.

గీతలున్నాయి. కోపంగా ఉన్నా వెళ్ళి చూశాను. డ్రైవరు భార్య బట్టల దొంతర పక్కకి జరిపి దీపం పట్టుకుంది. ఏడు గీతలు. ఏడింటి పక్కనా మీ అమ్మ చేతిరాతలో తేదీలు. మొదటిది మీరు వచ్చిన నెలలోనే, నవంబరు మూడు. అప్పుడు నీకు అయిదేళ్ళు, నా నడుము దాకా ఉన్నావు. నాలుగో గీత చూసి నవ్వాగలేదు. నువ్వు దొంగతనంగా మునివేళ్ళ మీద నిలబడ్డావు. మీ అమ్మ గీత గీసేశాక కనిపెట్టింది. చెరపలేదు. దాని కింద ఒక చుక్క పెట్టి, "పైది మునివేళ్ళ మీద. అసలు ఇంత" అని రాసింది. ఏడోది గీసిన వేసవిలోనే కదా తను పోయింది. ఆ పైన తలుపంతా ఖాళీ.

దీపం వేడికి డ్రైవరు భార్య చెయ్యి కాలింది గానీ "పూర్తిగా చదవండి" అంటూ అలాగే పట్టుకుంది.

పెద్దమ్మ


మార్చి 1

పెద్దమ్మా,

నీ ఉత్తరం మూడో పేరా దాకా చదివి, పక్కన పెట్టి, వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

నేను ఆ ఇంటిని చూసి సిగ్గుపడతానా? నేను అడిగింది అందుకు కాదు. ఎందుకో చెప్పలేను. అసలు అడగడమే తప్పు. నీ జవాబు తీసుకెళ్ళి సూపరింటెండెంటు గారికి చూపించి, అడిగానని, ఎందుకు అడిగానో, నువ్వెవరివో చెప్పేశాను. ఆయన ఆ విచారణ నుంచి నన్ను తప్పించారు.

నాకోసం ఒక్క పని చెయ్యి. ఆ తలుపుకి ఎవరినీ రంగు వెయ్యనివ్వకు.

పిట్ట


మార్చి 7

నా తల్లీ,

నా వల్ల నీ ఉద్యోగం పోయింది. ఆ డెబ్భై సంతకాల కాగితం నీకు పంపిన చేతిని విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది.

నిన్న పేపర్లో వచ్చింది. కాలనీ కాగితాలు కమిటీ బయట పెట్టింది. నివాసయోగ్యం కాదని ఒకప్పుడు రాసిన ఇళ్ళు ఇరవై మూడు, వాటి నంబర్లు, ఏటా వాటికి పెట్టిన మరమ్మతు ఖర్చు. పధ్నాలుగో నంబరు ఉంది. పైకప్పు రెండుసార్లు వేశారట. గోడబీరువాల తలుపులు మొత్తం మార్చారట, అయిదేళ్ళ కిందట ఒకసారి, మళ్ళీ రెండేళ్ళ కిందట ఒకసారి. చివర "స్థానిక గుమాస్తా ధ్రువీకరించారు" అని ఉంది. కాంపౌండరు ఆ ముక్క చదివి నా వైపు చూశాడు. రెండేళ్ళ కిందటి దాకా ఆ గుమాస్తాని నేనే.

నువ్వు తలుపు గురించి ఎందుకు అడిగావో అప్పుడు అర్థమయింది. నువ్వు అడగలేనిది నేను చెబుతాను.

మీ నాన్న పోయాక మీ అమ్మ ఇక్కడికి వచ్చిన రోజు నీకు గుర్తుండదు. ఒక పెట్టె, ఒక కుట్టుమిషను, భుజం మీద నిద్రపోతూ నువ్వు. ఇల్లు కావాలంటే ఆరు నెలల అద్దె ముందు కట్టాలి, జీతం చీటీ చూపించాలి. తన దగ్గర రెండూ లేవు. బోర్డు మీద పధ్నాలుగో మేకుకి తాళం వేలాడుతోంది. ఖాళీ ఇల్లుంటే వారంలోగా పై ఆఫీసుకి చెప్పాలి, వాళ్ళు ఇంకెవరికో ఇచ్చేస్తారు. నేను "పైకప్పు కురుస్తోంది, నివాసయోగ్యం కాదు" అని రాసి తాళం మీ అమ్మ చేతిలో పెట్టాను. నా పేరున ఇల్లు అడగొచ్చుగా అంటావేమో. మూడో నంబరు అప్పటికే నా పేరున ఉంది, ఒకరికి రెండివ్వరు. పదకొండు నెలలు ఉచితంగా ఉన్నారు. తర్వాత మీ అమ్మ డబ్బు కూడబెట్టి కట్టింది, నేను "సరిచేయబడింది" అని రాశాను.

అది మొదటిది కాదు, చివరిదీ కాదు. భర్త వదిలేసిన ఆయా, కాలు విరిగిన పెయింటరు, కవల పిల్లలతో వచ్చిన ఆవిడ. మొత్తం ఇరవై మూడు. అందరూ నిలదొక్కుకుని తర్వాత అద్దె కట్టినవాళ్ళే. ఇంతవరకూ నాకు దిగులు లేదు.

దిగులు తర్వాతది. మరుసటి ఏడు పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది, పధ్నాలుగో నంబరు కప్పు బాగుచేశాం, అయిందని సంతకం పెట్టండి అని. ఒక్క తాపీమేస్త్రీ కూడా వచ్చిన పాపాన పోలేదు. కాదంటే, మరి కురిసే కప్పు ఎలా బాగయింది అని అడుగుతారు. సంతకం పెట్టాను. ఆ తర్వాత గొట్టాలు, ఇంకొన్నేళ్ళకి తలుపులు. ఆ ఇరవై మూడు నంబర్లనే పట్టుకుని ఎవరో ఏటా తిన్నారు. నేను సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి, టీ తాగేదాన్ని. ఇప్పుడు ఆ ఖర్చంతా చూపించి, ఈ ఇళ్ళు దండగ అంటున్నారు.

కమిటీకి ఉత్తరం రాశాను, నన్ను పిలవండి అని. ఇది నీకు చెప్పకుండా చెయ్యాలనుకున్నాను, కానీ చెప్పకుండా చేసినవి చాలు.

పెద్దమ్మ


మార్చి 12

పెద్దమ్మా,

ముందు ఊపిరి పీల్చుకో. నా ఉద్యోగం పోలేదు! ఆ ఒక్క విచారణ నుంచి తప్పించారంతే. ఆసుపత్రుల మంచాల కొనుగోలు విచారణలో వేశారు. నీ గురించి నేనే చెప్పానని సూపరింటెండెంటు గారు తన టీ నాకిచ్చారు. ఆయన టీ ఎవరికీ ఇవ్వరు.

నీ ఉత్తరానికి ఇది నేను రాసిన రెండో జవాబు. మొదటిదాంట్లో రావద్దు అని రాశాను. నీ పెన్షన్ గురించి, ఈ వయసులో మచ్చ గురించి నాలుగు పేజీలు. రాస్తున్నంతసేపూ అవి నిజాలే అనిపించాయి. చదివితే మాత్రం, ఏదీ ఒప్పుకోకుండా గంటసేపు మాట్లాడే అధికారుల మాటల్లా ఉన్నాయి. చింపేశాను.

పదకొండు నెలల సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నా అక్షరాలన్నీ నువ్వు రాసిన ఒక అబద్ధం కప్పు కింద నేర్చుకున్నానని ఇప్పుడు తెలిసింది. దాన్ని ఏమనాలో నా దగ్గరున్న మాటల్లో వెతికాను. దొరకలేదు.

ఈసారి విచారణ బహిరంగం. మైకు ముందు ఎర్ర బొత్తాం నొక్కితేనే నీ గొంతు వినపడుతుంది. గ్లాసులో నీళ్ళు తాగొచ్చు. నన్ను రాసే బల్ల దగ్గర వెతకకు, నేను జనం కూర్చునే బెంచీలో ఉంటాను.

నీ వడ్రంగిపిట్ట


మార్చి 26

పెద్దమ్మా,

విచారణ రోజు నువ్వు మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోయాక తట్టింది, నా మార్చి పన్నెండో తేదీ ఉత్తరం నీకు అందనేలేదని. అందుకేనా సాక్షి కుర్చీలో కూర్చుని, రాసే బల్ల దగ్గరున్న అమ్మాయిని చూసి నీ ముఖం అలా అయిపోయింది? ఉద్యోగం పోయిన పిల్ల బెంచీ మీద కూర్చుందనుకున్నావా? అందుకేనా వరండాలో నా చేతిలో డబ్బు కుక్కి పరిగెత్తావు? ఈ కవరులో తిప్పి పంపుతున్నాను. ఉద్యోగం ఉంది.

ఆ రోజు రికార్డు అచ్చయింది. నువ్వన్నది నువ్వే చదువుకోవాలని ఒక ముక్క ఎత్తి రాస్తున్నాను. ఒక్క మాటా చేర్చలేదు.

గృహశాఖ అధికారి: ఇన్నేళ్ళు తప్పుడు కాగితాలు రాసిన మనిషి ఇవాళ నిజం చెబుతోందని కమిటీ ఎలా నమ్ముతుంది?
సాక్షి: నన్ను నమ్మొద్దు బాబూ. తలుపుని నమ్మండి.
అధ్యక్షురాలు: ఏ తలుపమ్మా?
సాక్షి: పధ్నాలుగో నంబరు గోడబీరువా తలుపు. రెండుసార్లు మార్చామన్నారుగా. దాని మీద మా చెల్లెలు తన కూతురి పొడుగు గీసింది, తేదీలు వేసి. మా చెల్లెలు పోయి పదేళ్ళు దాటింది. అయిదేళ్ళ కింద తెచ్చిన కొత్త తలుపు మీద ఆ గీతలు ఎవరు గీసినట్టు?
గృహశాఖ అధికారి: (జవాబు లేదు)
అధ్యక్షురాలు: మొదటిసారి మీరు నివాసయోగ్యం కాదని రాయడం కూడా తప్పే కదా?
సాక్షి: తప్పే. ఆ తప్పుకి ఏం శిక్ష వేసినా పడతాను. దానికి మటుకు నన్ను ఏడవమనకండి. ఏడ్చేది ఆ తర్వాత పెట్టిన సంతకాలకి.

ఇంతే ఉంది. నువ్వు కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకోవడం అందులో లేదు. సూపరింటెండెంటు గారు తల దించుకోవడం లేదు. బెంచీ మీద నా పక్కనున్న ముసలాయన, "ఎవరమ్మా ఆవిడ?" అని అడిగితే, "మా పెద్దమ్మ" అని నేను పెద్దగా అనేస్తే, కాపలా ఆయన నా వైపు వేలు చూపించడం లేదు. ఇన్నాళ్ళూ రికార్డులో అన్నీ ఉంటాయనుకున్నాను.

పిట్ట


ఏప్రిల్ 22

పిట్టా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. వెనకదాన్ని ముందు చదివి, ముందుదాన్ని వెనక చదివాను. డబ్బు తిప్పి పంపావని కోపం వచ్చింది, ఉద్యోగం ఉందని తగ్గింది.

నిన్న కమిటీ వాళ్ళు వచ్చారు. తొమ్మిది మంది, ఒక ఇంజనీరు. పధ్నాలుగులో రెండు గదులు కదా, సగం మంది గుమ్మం బయటే నిలబడ్డారు. డ్రైవరు భార్య బీరువా ముందే ఖాళీ చేసి ఉంచింది. ఇంజనీరు కప్పు తట్టాడు, గోడలు తట్టాడు, ఇంకో నలభై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు అన్నాడు. మీ అధ్యక్షురాలు తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏడు గీతలూ చదివింది. నాలుగో దాని దగ్గర ఆగి, "ఇదేమిటి?" అంది. చెప్పాను. ఆవిడ ఆ కాస్తా రెండుసార్లు చదువుకుంది, "పైది మునివేళ్ళ మీద. అసలు ఇంత."

అమ్మకం ఆపారు. ఇరవై మూడు ఇళ్ళ ఖర్చు తీసేసి మళ్ళీ లెక్క వేస్తారట. అప్పుడు ఏమవుతుందో తెలియదు గానీ గేటు మీద నోటీసు చింపేశారు. చింపింది బేకరీ ఆవిడ, అధికారులు కాదు. డబ్బు తిన్నవాళ్ళ మీద కేసు పెడతారట. నా పెన్షన్‌లో మూడో వంతు ఆపేశారు, విచారణ అయ్యేదాకా. కాంపౌండరు, "మందులు నేను ఇస్తాను, మోకాళ్ళకి రాసుకునే పూచీ నీది" అన్నాడు. రాసుకుంటున్నాను. ఈసారి నిజం.

వాళ్ళంతా వెళ్ళాక నేనొక్కదాన్నే ఆ తలుపు ముందు కూర్చున్నాను. మీ అమ్మకి నాకంటే చదువు తక్కువ. రబ్బరు పక్కనే ఉన్నా ఆ తప్పు గీతని చెరపలేదు చూశావా! కింద ఉన్నదున్నట్టు రాసి ఊరుకుంది. నాకు ఆ పని చెయ్యడానికి పదహారేళ్ళు పట్టింది.

వాళ్ళు వెళ్ళేముందు డ్రైవరు భార్య, ఇక రంగు వేసుకోవచ్చా అని అడిగింది. ఇంజనీరు వద్దన్నాడు, అది సాక్ష్యమట. "సరే, అయితే మా పిల్లలవి పక్క తలుపు మీద గీసుకుంటాను" అంది. నీ తలుపు మీద ఏడో గీత పైన చోటుంది. కేసు తేలి, నీ శిక్షణ ముగిశాక రా. పెన్సిలు చెక్కి అక్కడే పెట్టాను. చెప్పులు విప్పి, మడమలు ఆనించి నిలబడాలి. నేను కింద కూర్చుని చూస్తాను.

పెద్దమ్మ